పలక నుంచి పరీక్ష వరకు: కొమరోలు సీమలో పిల్లల వయసు, చదువు మెట్ల చరిత్ర

బిడ్డను ఏ ఈడులో బడిలో వేయాలి? ఏ ఈడుకు ఏ పాఠం చెప్పాలి? చెప్పిన పాఠం వంటబట్టిందో లేదో ఎలా తేల్చాలి? ప్రతి సమాజమూ ఈ మూడు ప్రశ్నలకు తన కాలానికి తగిన సమాధానం చెప్పుకొంటూ వచ్చింది. ఆ సమాధానాలు మారినప్పుడల్లా కొందరు పిల్లలు ముందుకు సాగారు, మరికొందరు దారిలోనే ఆగిపోయారు. ఆగిపోయినవారిలో పేద ముస్లిం కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. దానికి కారణం వారి తెలివి తక్కువ కావడమా, లేక వారిని కొలిచిన కొలబద్దలోనే లోపం ఉందా అన్నది చరిత్ర చూసి తేల్చవలసిన విషయం.

నల్లమల కొండల తూర్పు దాపున ఉన్న కొమరోలు, గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతం ఈ పరిశీలనకు తగిన చోటు. 1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో ఈ సీమ కూడా ఉంది. దత్తమండలాలు 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విడిపోయినప్పుడు కంభం, మార్కాపురం ప్రాంతాలు కడప పాలన కిందకు వచ్చాయి. 1858లో అవి కర్నూలు జిల్లాలో కలిశాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. పాలకులు, కచేరీలు ఇన్నిసార్లు మారినా పిల్లవాడి మొదటి అక్షరం మాత్రం చాలాకాలం పాత పద్ధతిలోనే సాగింది.

పూర్వ విద్వాంసులు చెప్పిన క్రమం

పిల్లల ఈడును బట్టి బాధ్యతలు మెట్లు మెట్లుగా పెరగాలన్న భావన ముస్లిం సమాజానికి కొత్తది కాదు. ఏడేళ్లకు నమాజు నేర్పాలనీ, పదేళ్లకు దాని విషయంలో గట్టిగా ఉండాలనీ చెప్పే హదీసు ప్రసిద్ధం. నేర్పడానికీ, జవాబు అడగడానికీ మధ్య అందులో మూడేళ్ల గడువు ఉంది. నేర్పిన మరునాడే లెక్క అడగరాదన్న బోధనాసూత్రం ఆ గడువులోనే ఇమిడి ఉంది.

వైద్యుడూ తత్త్వవేత్తా అయిన ఇబ్నె సీనా, బిడ్డకు ఆరేళ్లు వచ్చాక గురువుకు అప్పగించాలని తన వైద్యగ్రంథంలో సూచించాడు. అయితే ఒక్కసారిగా పుస్తకానికి కట్టిపడేయకుండా మెల్లమెల్లగా అలవాటు చేయాలన్నాడు. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ణి ఆడుకోనివ్వాలని, ఆట మాన్పి చదువే చదువంటే అతని మనసు మొద్దుబారుతుందని హెచ్చరించాడు. 1332 నుంచి 1406 వరకు జీవించిన ఇబ్నె ఖల్దూన్ మరింత స్పష్టంగా చెప్పాడు. ఏ శాస్త్రమైనా మూడు ఆవృత్తులలో నేర్పాలన్నాడు. మొదట స్థూలంగా, తర్వాత వివరంగా, చివరకు చిక్కుముడులన్నీ విప్పుతూ చెప్పాలని అతని అభిప్రాయం. లేత బుర్రకు చివరి మెట్టు విషయాలను మొదటే చెబితే పిల్లవాడు చదువు కష్టమనుకొని దాన్నే విడిచిపెడతాడని అతడు గమనించాడు. తప్పు అక్కడ పిల్లవాడిది కాదు, చెప్పిన తీరుది.

పరీక్ష విషయంలోనూ పూర్వులు ఆలోచించారు. తొమ్మిదో శతాబ్దంలో ఖైరవాన్ నగరానికి చెందిన ఇబ్నె సహ్నూన్, ఉపాధ్యాయుల మర్యాదల గురించి ఒక చిన్న గ్రంథం రాశాడు. ధనిక, పేద పిల్లలను సమానంగా చూడాలన్నాడు. శుక్రవారపు సెలవుకు ముందు వారం పాఠాన్ని తిరిగి అప్పజెప్పించుకోవాలన్నాడు. శిక్షకు హద్దులు పెట్టాడు. పాఠం అప్పజెప్పించుకోవడం పిల్లవాణ్ణి వడబోయడానికి కాదు, ఎక్కడ తడబడుతున్నాడో గురువు తెలుసుకోవడానికి.

మక్తబ్, వీధిబడి

భారతదేశపు ముస్లిం కుటుంబాలలో బిస్మిల్లా వేడుకను నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయసులో జరిపే ఆచారం బాగా వ్యాపించింది. ఇది ధర్మవిధి కాదు, వాడుక మాత్రమే. అయినా చదువుకు ఒక ఆరంభ వయసును ఆ వాడుక నిలిపింది. ఆ తర్వాతి మెట్లను మాత్రం వయసు నిర్ణయించలేదు. ఖాయిదా పూర్తయితే అమ్మ పారా, అది పూర్తయితే ఖుర్‌ఆన్ నాజిరా, ఆపైన ఉర్దూ, ఫారసీ పుస్తకాలు. ఒకే చాప మీద ఆరేళ్లవాడూ పదేళ్లవాడూ కూర్చునేవారు. పదేళ్లవాడు ఖాయిదా చదువుతున్నా, ఆరేళ్లవాడు అమ్మ పారాలో ఉన్నా వింత కాదు. ఎవరి సబఖు వారిదే. నిన్నటి సబఖు అప్పజెప్పినవాడికే నేటి సబఖు దొరికేది.

తెలుగు వీధిబడి కూడా ఇదే తీరులో నడిచేది. దీనికి నమ్మదగిన సాక్ష్యం 1822 నాటి విచారణలో దొరుకుతుంది. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో ఆ ఏడాది జిల్లా కలెక్టర్లందరినీ తమ ప్రాంతంలోని బడుల వివరాలు పంపమన్నాడు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలను పాలించింది మన్రోయే కనుక ఈ సీమ అతనికి బాగా తెలిసినదే. కడప కలెక్టరు కూడా తన నివేదిక పంపాడు. అయితే బడి లోపలి పద్ధతిని కళ్లకు కట్టినట్లు రాసింది పొరుగు జిల్లా బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్. ఆయన నివేదిక 1823 ఆగస్టులో వెళ్లింది.

బళ్లారి జిల్లాలో అప్పుడు 533 బడులు ఉన్నాయి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, ఫారసీ బడులు 21. హిందూ పిల్లలు సాధారణంగా అయిదేళ్లకు బడిలో చేరేవారని క్యాంప్‌బెల్ రాశాడు. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఆపైన తాటాకు మీద గంటంతోనో, పలకలా పనికివచ్చే కడితం మీద బలపంతోనో రాసేవారు. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు ఉండేవి. పిల్లవాడు తన శక్తిని, ప్రగతిని బట్టి ఒక దాని నుంచి మరొక దానికి వెళ్లేవాడు. కింది తరగతులవారికి పెద్ద పిల్లలే పాఠం చెప్పేవారు. ఇలా పిల్లలచేత పిల్లలకు చెప్పించే పద్ధతినే ఆండ్రూ బెల్ 18వ శతాబ్దం చివర మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమంలో అమలుచేశాడు. తర్వాత అది ఇంగ్లండులో మద్రాసు పద్ధతి అన్న పేరుతో వ్యాపించింది.

అంటే ఇక్కడ వయసు గుమ్మం మాత్రమే, గుమ్మం దాటాక మెట్టును నిర్ణయించింది పాఠం. ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. బెత్తానికి హద్దు ఉండేది కాదు. అర్థం తెలియని వల్లెవేత ఎక్కువ. పేదవారికీ, ఆడపిల్లలకూ గుమ్మమే మూసి ఉండేది. బళ్లారిలోని 6,641 మంది విద్యార్థులలో ముస్లింలు 243 మందే. ఆడపిల్లలు 60 మంది కాగా, వారంతా హిందువులే. ముస్లిం బాలిక ఒక్కరూ ఆ లెక్కలో లేరు. ఇంటి అరుగు మీదో, ఉస్తానీ వద్దో ఖుర్‌ఆన్ నేర్చుకొనే బాలికలు బడుల పట్టికలోకి ఎక్కలేదు. ఈదరిద్రం వల్ల పూర్వం బడికి వచ్చే పిల్లలు కూలికి పోతున్నారనీ, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్లు చాలావాటిలో ఇప్పుడు బడి లేదనీ క్యాంప్‌బెల్ దాచకుండా రాశాడు.

1826 మార్చిలో మన్రో మొత్తం లెక్క తేల్చాడు. మద్రాసు రాజధానిలో 1,28,50,941 మంది జనానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. అయిదు నుంచి పదేళ్ల బాలురు మగవారిలో తొమ్మిదో వంతు ఉంటారని అంచనా కట్టి, వారిలో నాలుగో వంతు మాత్రమే బడికి వస్తున్నారని లెక్కించాడు. ఇంట్లో చదువుకొనేవారిని కలిపితే అది మూడో వంతుకు దగ్గరగా ఉంటుందన్నాడు. పిల్లల ఈడును లెక్కలోకి తీసుకొని చదువును కొలిచిన తొలి ప్రయత్నాలలో ఇదొకటి. బడి పట్టికలో లేనివాడు చదువు లేనివాడు కాడన్న సంగతిని కూడా మన్రో ఒప్పుకొన్నాడు. తర్వాతి కాలపు అధికారులు ఈ రెండో సంగతిని తరచు మరిచారు.

స్టాండర్డులు, ఫారాలు

1854 నాటి ఉడ్ ఉత్తర్వు తర్వాత ప్రైవేటు బడులకు ప్రభుత్వ గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇంగ్లండులో 1862లో ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే నిబంధన అమలులోకి వచ్చింది. అక్కడ మొదట పిల్లలను వయసు వారీగా జట్లు కట్టి పరీక్షించాలని అనుకొన్నారు. విమర్శలు రావడంతో వయసును విడిచి స్టాండర్డులను ఏర్పరచారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, రాత, లెక్కలలో ఎంతమంది నెగ్గారో చూసి డబ్బు మంజూరు చేసేవాడు. ఈ పద్ధతి మద్రాసు రాజధానికీ వచ్చింది. దానితో పరీక్ష అర్థమే మారిపోయింది. పూర్వం గురువు శిష్యుణ్ణి తెలుసుకోవడానికి పరీక్షించేవాడు. ఇప్పుడు శిష్యుడి జవాబు మీద గురువు జీతం ఆధారపడింది. నెగ్గేవాడి మీద శ్రద్ధ పెరగడం, తడబడేవాడు బరువుగా తోచడం ఇందులో సహజ ఫలితం.

క్రమంగా పై చదువు ఫారాలుగా ఏర్పడింది. అయిదో తరగతి తర్వాత ఫస్టు ఫారం మొదలై సిక్స్తు ఫారంతో ముగిసేది. మెట్రిక్యులేషన్ స్థానంలో 1911 ప్రాంతంలో ఎస్సెస్సెల్సీ వచ్చింది. ఇప్పుడు తరగతి, సంవత్సరం, వయసు, పరీక్ష ఈ నాలుగూ ఒకే తాడుకు ముడిపడ్డాయి. ఒక ముడి జారితే పిల్లవాడు మొత్తం తాడు నుంచే జారిపోయే పరిస్థితి వచ్చింది.

మూడు లిపుల ముందు ఒక పసివాడు

ఈ కొత్త కొలత ముస్లిం పిల్లవాడి మీద ఎలా పనిచేసిందో చూడాలి. కంభం, గిద్దలూరు సీమలో ముస్లింలందరి ఇంటి భాషా ఒకటి కాదు. కొందరి ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. నూర్‌బాషా కుటుంబాలలో తెలుగే ఇంటి భాష. ఉర్దూ ఇంటి పిల్లవాడు వేకువనే మక్తబ్‌లో కుడి నుంచి ఎడమకు చదివే అరబీ లిపిని పట్టుకొంటాడు. ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి సాగే తెలుగు ఒత్తులు, గుణింతాల ముందు కూర్చుంటాడు. కొన్నేళ్లకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. సంవత్సరం చివర పరీక్షలో అతడు తెలుగు గుణింతంలో తప్పితే, ఆ తప్పు భాషదా, బుద్ధిదా అని తేల్చే వీలు ఆ పరీక్షకు లేదు. మక్తబ్‌లో అతడు ఎంత సంపాదించినా ఆ సంపాదన బడి లెక్కలోకి రాదు.

ప్రభుత్వానికి ఈ చిక్కు కొంత తెలిసింది. ముస్లింల విద్య వెనుకబాటు గురించి 1871లో భారత ప్రభుత్వం తీర్మానం చేసింది. మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వం ముస్లింలు ఎక్కువగా ఉన్న పట్టణాలలో వారికోసం ప్రాథమిక పాఠశాలలు తెరవడానికి పూనుకొంది. 1882 నాటి హంటర్ కమిషన్ ముస్లిం ప్రాథమిక బడులలో హిందుస్తానీ మాధ్యమం ఉండాలని, దేశీయ బడులు లౌకిక పాఠాలను కూడా చేర్చుకొనేలా ప్రోత్సహించాలని సిఫారసు చేసింది. పట్టణాలకు దీనివల్ల మేలు కలిగింది. కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కళాశాలను స్థాపించడంతో ఈ సీమ యువకులకు పై చదువు దగ్గరైంది. కాని కళాశాల గుమ్మం చేరాలంటే ముందు ఒకటో తరగతి దాటాలి. అసలు గండి అక్కడే పడింది.

1929లో హార్టాగ్ కమిటీ ఈ గండికి రెండు పేర్లు పెట్టింది. చదువు పూర్తి కాకముందే మానివేయడం వృథా. ఒకే తరగతిలో ఏడాదికి మించి ఉండిపోవడం స్తబ్ధత. ఒకటో తరగతిలో చేరిన వందమందిలో నాలుగో తరగతికి చేరేవారు చాలా కొద్దిమంది అని ఆ కమిటీ చూపింది. అక్షరాస్యత నిలబడాలంటే కనీసం నాలుగేళ్ల చదువు కావాలని భావించారు. రెండుసార్లు ఒకటో తరగతిలో ఆగిన పిల్లవాడు ఎనిమిదేళ్లకు మూడో తరగతిలో ఉండవలసినవాడు, ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చుంటాడు. ఆ సిగ్గుకు తోడు ఇంట్లో పని పిలుస్తుంది. ఇక ఆ పిల్లవాడు బడికి రాడు.

మార్కాపురం పలక

ఈ చరిత్రలో ఈ సీమకు ఒక ప్రత్యేకమైన పాత్ర ఉంది. మార్కాపురం చుట్టుపక్కల భూమిలో పలకరాయి పొరలు పొరలుగా దొరుకుతుంది. అక్కడ కోసి, చెక్క చట్రం బిగించిన పలకలు దేశంలోని ఎన్నో ప్రాంతాల బడులకు వెళ్లాయి. కాగితం, ప్లాస్టిక్ వచ్చి ఆ గిరాకీ తగ్గేదాకా ఎందరో పిల్లల తొలి అక్షరం మార్కాపురం రాతి మీదే పడింది.

పలక గుణం ఆలోచించదగినది. దాని మీద రాసిన తప్పు మరునిమిషంలో తుడిచిపోతుంది. తప్పుకు దస్త్రం ఉండదు, దిద్దుబాటు ఉంటుంది. పరీక్ష కాగితం మీద పడిన మార్కు తుడిస్తే పోదు, అది రిజిస్టరుకెక్కి పిల్లవాడి వెంట నడుస్తుంది. దేశానికి పలకలు పంపిన ఈ సీమలో ఎందరో పేద పిల్లలు పలక దశ దాటకుండానే బడి మానడం విచారించవలసిన సంగతి.

స్వాతంత్ర్యం తర్వాత

1964లో నియమితమై 1966లో నివేదిక ఇచ్చిన కొఠారీ కమిషన్ ఈ ముడిని విప్పడానికి ప్రయత్నించింది. ఒకటో తరగతిలో చేరే పిల్లలకు సాధారణంగా ఆరేళ్లు నిండి ఉండాలన్నది. ఒకటి, రెండు తరగతులను విడదీయకుండా ఒకే అంతస్తుగా చూడాలని, ఆ మధ్యలో తప్పించడం ఉండరాదని సూచించింది. పది, ఆపైన రెండు, ఆపైన మూడు సంవత్సరాల క్రమాన్ని దేశానికంతటికీ సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి, దాని తర్వాత రెండేళ్ల ఇంటర్మీడియట్ అన్న నేటి ఏర్పాటు 1969-70 ప్రాంతంలో రూపుదిద్దుకొంది. 1970ల తొలి సంవత్సరాల నుంచి రాష్ట్రంలో కింది తరగతులలో పిల్లలను ఆపకుండా పైకి పంపే పద్ధతి అమలైంది. ఏడో తరగతిలో ఉమ్మడి పరీక్ష, పదిలో పబ్లిక్ పరీక్ష నిలిచాయి. చాలా ఊళ్లలో ఏడో తరగతి పరీక్షే ఆడపిల్లల చదువుకు సరిహద్దు గీత అయింది.

ఆపకుండా పంపడం మేలే. కాని పంపడం వేరు, నేర్పడం వేరు. అయిదో తరగతికి వచ్చిన పిల్లవాడు రెండో తరగతి వాచకం చదవలేకపోతే, పూర్వం ఒకటో తరగతిలో కనిపించిన గండి ఇప్పుడు పదో తరగతి వాకిట్లో కనిపిస్తుంది. పాత మక్తబ్ సబఖును చూసింది, వయసును చూడలేదు. కొత్త పద్ధతి వయసును చూసి సబఖును విడిచింది. రెండింటినీ కలిపి చూడటమే కావలసింది.

2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం ఈ కలయికకు కొంత చోటు ఇచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు అది వర్తిస్తుంది. ఎన్నడూ బడికి పోని బిడ్డనుగాని, మధ్యలో మానిన బిడ్డనుగాని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షను చెబుతుంది. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఆ హక్కు పోదు. ఏడాది పొడవునా నిరంతరంగా, పాఠంతోపాటు ప్రవర్తన, ఆసక్తి, ఆటపాటలను కూడా చూసే సమగ్ర మూల్యాంకనాన్ని చట్టం కోరింది. 2019 సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టే ఏర్పాటు జరిగింది. తప్పినవారికి అదనపు బోధన ఇచ్చి రెండు నెలలలోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే ఆపడమా, మానడమా అన్నది ప్రభుత్వాలకు విడిచిపెట్టారు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి బడి నుంచి వెళ్లగొట్టడం మాత్రం కుదరదు. 2020 జాతీయ విద్యావిధానం మెట్లను మళ్లీ వయసుల వారీగా పేర్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్లు పునాది దశ, పదకొండు వరకు సన్నాహక దశ, పద్నాలుగు వరకు మధ్య దశ, పద్దెనిమిది వరకు సెకండరీ దశ.

ముస్లిం తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ప్రధానంగా మతబోధ చేసే మద్రసాలకు, వేద పాఠశాలలకు ఈ చట్టం వర్తించదని 2012 సవరణ స్పష్టం చేసింది. కనుక ఏడెనిమిదేళ్లకే హిఫ్జ్‌కు వెళ్లిన బాలుడి చదువు తరగతి లెక్కలోకి రాదు. అయినంత మాత్రాన అతని తలుపులు మూసుకుపోలేదు. పద్నాలుగేళ్లలోపు తిరిగి వస్తే వయసుకు తగిన తరగతిలో చేరే హక్కు ఉంది. పద్నాలుగేళ్లు నిండినవారికి 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాసే మార్గం ఉంది. ఈ సంగతి తెలియక ఎందరో హాఫిజ్‌లు, మధ్యలో ఆగిన బాలికలు తమ ఈడు దాటిపోయిందని ఆశ వదులుకొంటున్నారు.

చరిత్ర చెప్పే పాఠం

రెండు వందల ఏళ్ల ఈ కథలో ఒక సత్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వయసు బిడ్డకు బడి తలుపు తెరవాలి, తలుపు వేయరాదు. పరీక్ష బిడ్డ నిలిచిన చోటును గురువుకు చూపాలి, బిడ్డకు బయటికి దారి చూపరాదు. ఇబ్నె ఖల్దూన్ చెప్పిన మూడు ఆవృత్తులూ, క్యాంప్‌బెల్ చూసిన నాలుగు తరగతులూ, కొఠారీ కోరిన విడదీయరాని తొలి అంతస్తూ ఈ ఒక్క మాటనే చెబుతున్నాయి.

కొమరోలు సీమలో మస్జిద్ పక్కన మక్తబ్, ఊరి మధ్య ప్రభుత్వ బడి రెండూ ఒకే పిల్లవాడికి పాఠం చెబుతున్నాయి. ఈ రెండు చోట్ల గురువులు ఒకరినొకరు ఎరిగి, ఆ బిడ్డ ఎక్కడ నిలిచాడో మాట్లాడుకొంటే మూడు లిపుల బరువు సగం తగ్గుతుంది. ఉదయం సబఖును గంట ముందుకు జరపడం, తెలుగు చదవలేని పిల్లలకు సాయంత్రం వాచకం చదివించడం, ఏడో తరగతి దాటిన ఆడపిల్ల పేరు ఎనిమిదిలో నమోదైందో లేదో మస్జిద్ కమిటీ విచారించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. తల్లిదండ్రులు కూడా బిడ్డను ఎన్ని మార్కులు వచ్చాయని అడిగే ముందు, నిన్న రానిది నేడు ఏం వచ్చిందని అడగాలి. ఆ ప్రశ్న అడిగే ఇంట్లో బిడ్డ చదువు మధ్యలో ఆగడం అరుదు.